పదేళ్లకు పైగా షెడ్డులో నిలిచిపోయిన టాటా 1210 లారీ ఇంజన్‌ను పాడుచేయకుండా నడిపించడం ఎలా?

తణుకు_షెడ్డు

మా పెదనాన్నగారి టాటా 1210 లారీ తణుకు దగ్గర మా ధాన్యం షెడ్డులో పదేళ్లకు పైగా కదలకుండా ఉంది. 692 ఇంజన్, ఆరు సిలిండర్లు, టర్బో లేదు. కిరాయిలు తగ్గి, ఫిట్‌నెస్ గడువు దాటిపోయి నిలిపివేశారే తప్ప, ఇంజన్‌లో లోపం వచ్చి ఆపలేదు. దీన్ని మళ్లీ రోడ్డు మీద కిరాయికి తిప్పాలన్న ఆశ నాకు లేదు. ఇంజన్ నడిస్తే, మిల్లు ఆవరణలో బస్తాలు అటూ ఇటూ మార్చుకోవడానికి వాడుకుంటాను.

ఇబ్బంది ఏమిటంటే, చూడటానికి వచ్చిన ఇద్దరు మెకానిక్‌లు రెండు వేర్వేరు దారులు చెప్పారు. ఒకరు కొత్త బ్యాటరీ పెట్టి సెల్ఫ్ కొడదామని, అప్పటికీ తిరగకపోతే ట్రాక్టరుతో లాగి గేరులో వేద్దామని అంటున్నారు. రెండో ఆయన బానెట్ కూడా ఎత్తకుండానే ఇంజన్ దింపాలని, బోరు, క్రాంకు పనులన్నీ చేయాలని, ఆ డబ్బుతో పాత 697 ఇంజన్ ఒకటి కొనుక్కోవచ్చని తేల్చేశారు. రేడియేటర్ ఎండిపోయి ఉంది. గేజి పుల్ల మీద నూనె మట్టం సరిగానే ఉంది కానీ నల్లగా ఉంది. ట్యాంకు అడుగున కొంత పాత డీజిల్ ఉంది, దాని నుంచి వార్నిష్ లాంటి వాసన వస్తోంది. ఇంజన్ జామ్ అయిందో లేదో ఇంకా చూడలేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

ఆటోనగర్_పాతకాపు

ట్రాక్టరు మాట అన్నవారిని షెడ్డు గుమ్మం దగ్గరే ఆపేయండి. ఇన్నేళ్లు నిలిచిన ఇంజన్‌లో పిస్టన్ రింగులు బోరు (సిలిండర్) గోడకు తుప్పుతో అంటుకుని ఉండవచ్చు, వాల్వు కాడ గైడ్‌లో బిగుసుకుపోయి ఉండవచ్చు. చేత్తో తిప్పేవాడికి ఆ అడ్డు వెంటనే తెలుస్తుంది, అక్కడే ఆగుతాడు. గేరులో వేసి లాగే ట్రాక్టరుకు అది తెలియదు. రింగు విరిగినా, పుష్‌రాడ్ వంగినా, కనెక్టింగ్ రాడ్ వంకరపోయినా అది లాగుతూనే ఉంటుంది. బేరింగుల మధ్య నూనె పొర ఎప్పుడో జారిపోయి ఉంటుంది కాబట్టి ఆ మొదటి చుట్లన్నీ పొడి లోహం మీద పొడి లోహం తిరిగినవే అవుతాయి.

మొదటి రోజు పని ఇంతే. బ్యాటరీ జోలికి వెళ్లకుండా సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే నాజిళ్లు ఆరూ ఊడదీయండి, టప్పెట్ కవరు తీసి హెడ్ మీద తుప్పు ఉందేమో చూడండి, ఎయిర్ క్లీనర్ విప్పి లోపల ఏముందో చూడండి. చూసింది ఇక్కడ రాస్తే తరువాతి మాట చెప్పగలం.

నిజామాబాద్_హార్వెస్టర్

లాగి స్టార్ట్ చేసిన ఇంజన్లన్నీ విరిగిపోవు. మా దగ్గర కోత యంత్రాలు ప్రతి ఏటా నెలల తరబడి నిలబడే ఉంటాయి, బ్యాటరీ దిగిపోతే లాగే స్టార్ట్ చేస్తాం. పాతకాపు గారు మరీ భయపెడుతున్నారు.

ఆటోనగర్_పాతకాపు

ఒక సీజను ఆగిన యంత్రానికి, పదేళ్లు ఆగిన యంత్రానికి ఒకే వైద్యం చెప్పలేం. మీ యంత్రాల బోరు గోడల మీద ఇంకా నూనె ఉంటుంది. తణుకు గారి బండి గోదావరి జిల్లా తేమలో ఇన్ని వర్షాకాలాలు గడిపింది.

తణుకు_షెడ్డు

చెప్పినట్లే నాజిళ్లు తీశాను. మొదటి, ఐదవ నాజిళ్లు చాలా గట్టిగా రావడంతో చుట్టూ డీజిల్ పోసి రాత్రంతా వదిలేసి, మర్నాడు మెల్లగా అటూ ఇటూ తిప్పుతూ తీయాల్సి వచ్చింది. హెడ్ మీద రాకర్లు నూనె జిడ్డుతోనే ఉన్నాయి, తుప్పు పెద్దగా లేదు. ఆయిల్ బాత్ ఎయిర్ క్లీనర్‌లో మాత్రం ఎలుకలు గోనె పీచుతో, ధాన్యం పొట్టుతో సంసారం పెట్టాయి. ఇంటేక్ గొట్టంలోకి కూడా కొంత పొట్టు వెళ్లింది.

రైస్‌మిల్లు_అబ్బాయి

ఇన్నేళ్ల అద్దె బాకీ వసూలు చేశారా, లేక ఖాళీ చేయించడానికి కోర్టుకు వెళ్లాలా?

వర్క్‌షాపు_సుజాత

నవ్వులాటకు బాగానే ఉంది కానీ ఆ పొట్టు విషయం తేలికగా తీసుకోకండి. గాలి కొట్టి లోపలికి తోయకుండా ఇంటేక్ మానిఫోల్డ్‌ను విప్పి బయటే శుభ్రం చేయండి. తెరిచి ఉన్న వాల్వు సీటు మీద ఒక్క గింజ ఇరుక్కున్నా ఆ సిలిండర్‌కు కంప్రెషన్ రాదు, మీరేమో రింగులు పోయాయనుకుని హెడ్ దింపుతారు. ఎలుక మూత్రం అల్యూమినియంను తినేస్తుంది కాబట్టి క్లీనర్ నుంచి వచ్చే గొట్టాల జాయింట్లు కూడా గోకి చూడండి. సైలెన్సర్ చివర కందిరీగలు మట్టిగూడు కట్టి ఉండవచ్చు, ఒక కమ్మీ పెట్టి చూడండి.

తణుకు_షెడ్డు

మానిఫోల్డ్ విప్పి శుభ్రం చేశాను. ఇక సిలిండర్లలో ఏం పోయాలి? యూట్యూబులో ఒకరు బ్రేకు ఆయిల్ అంటున్నారు, ఇంకొకరు గేర్ ఆయిల్‌లో అసిటోన్ కలపమంటున్నారు, మా ఊరి మేస్త్రి కిరోసిన్ అంటున్నారు.

లేత్_బాబాయి

ఇంజన్ ఆయిల్, డీజిల్ సగం సగం. దీనికి మించిన రహస్యం ఏదీ లేదు. కిరోసిన్ ఒక్కటే పోస్తే జారిపోతుంది, తుప్పులోకి దిగేది దిగినా వెనక జిడ్డు మిగలదు.

గాజువాక_డీజిల్

అసిటోన్, పవర్ స్టీరింగులో పోసే పలచని ఏటీఎఫ్ నూనె కలిపిన మిశ్రమం నిజంగానే తుప్పులోకి బాగా దిగుతుంది. కానీ అసిటోన్ నిలవదు, ఆవిరైపోతుంది, మూసిన షెడ్డులో దాని ఆవిరి దగ్గర గ్రైండరు నిప్పురవ్వ పడితే ప్రమాదం. పూర్తిగా జామ్ అయిన ఇంజన్‌కైతే ఆలోచించవచ్చు. జామ్ అయిందో లేదో తెలియని ఇంజన్‌కు బాబాయి గారి సగం సగమే మంచిది. బ్రేకు ఆయిల్ మాత్రం వద్దు. అది ఖనిజ నూనె కాదు, గాలిలో తేమను పీల్చుకుంటుంది. తుప్పు వదిలించాల్సిన చోట నీటిని పిలిచే ద్రవాన్ని పోసినట్లవుతుంది.

కొలత_గీత

ఎంత పోయాలన్నది ఎవరూ చెప్పడం లేదు, అసలు ప్రమాదం అక్కడే ఉంది. 692 అంటే ఆరు సిలిండర్లు, 92 మిల్లీమీటర్ల బోరు, అంటే సిలిండర్ వ్యాసం. స్ట్రోకు, అంటే పిస్టన్ కదిలే దూరం, 120 మిల్లీమీటర్లు, మొత్తం 4788 సీసీ, అంటే ఒక్కో సిలిండర్‌కు 798 సీసీ. కంప్రెషన్ నిష్పత్తి సుమారు 17కు 1 అనుకుంటే, పిస్టన్ పూర్తిగా పైకి వచ్చినప్పుడు మిగిలే చోటు 50 సీసీ మాత్రమే. అందులోనూ ఎక్కువ భాగం పిస్టన్ తల మీద ఉండే గిన్నెలోనే ఉంటుంది.

దీని నుంచి రెండు విషయాలు తేలుతాయి. మొదటిది, ఇది డీజిల్‌ను నేరుగా పిస్టన్ తల మీది గిన్నెలోకే చిమ్మే డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజన్ కాబట్టి మీరు పోసే నూనె ముందుగా ఆ గిన్నెలో నిలుస్తుంది. కొద్దిగా పోసి తృప్తిపడితే రింగుల దాకా చుక్క కూడా చేరదు. గిన్నె నిండి అంచుల మీదుగా పొర్లేలా పోయాలి, అంటే ఒక్కో సిలిండర్‌కు 100 మిల్లీలీటర్ల దాకా పోయాల్సి ఉంటుంది. రెండవది, నాజిళ్లు బిగించి ఉన్నప్పుడు ఆ 100 మిల్లీలీటర్లు లోపలే ఉండగా సెల్ఫ్ కొడితే, 50 సీసీ చోటులో 100 సీసీ ద్రవం ఇమడదు, ద్రవం నలగదు, కనెక్టింగ్ రాడ్డే వంగుతుంది. పోసిన నూనె నాజిల్ రంధ్రాల గుండా బయటికి వచ్చేదాకా నాజిళ్లు బిగించే ప్రసక్తే ఉండకూడదు.

ఆటోనగర్_పాతకాపు

కొలత గారి లెక్క బంగారం. కార్ఖానాల్లో వంగిన రాడ్లు చూశాను, వాటిలో చాలావరకు జామ్ వల్ల వంగినవి కావు, జామ్ వదిలించబోయినవారు పోసిన నూనె వల్ల వంగినవే.

తణుకు_షెడ్డు

నూనె పోసి, రోజూ మట్టం చూస్తూ, ఇంకిన చోట మళ్లీ పోస్తూ కొన్ని వారాలు ఆగాను. మూడవ సిలిండర్‌లో మాత్రం దాదాపు ఇంకలేదు. ఈలోగా ఛాంబర్ (ఇంజన్ అడుగున నూనె నిలిచే తొట్టి) డ్రెయిన్ బోల్టును సగం వదులు చేసి పెట్టాను, మొదట బొట్లు బొట్లుగా నీళ్లే వచ్చాయి, ఆ తరువాత నల్ల నూనె వచ్చింది.

క్రాంకు ముందు నట్టుకు పొడవాటి పాన పెట్టి తిప్పాను. మొదట రవ్వంత కదిలి ఆగింది. బలం పెంచకుండా వెనక్కి కొంచెం, ముందుకు కొంచెం అంటూ తిప్పుతుంటే, సాయంత్రానికి పూర్తి చుట్టు తిరిగింది. ఒక చోట మాత్రం చిన్న గరగర ఉంది. నాలుగవ సిలిండర్ ఇంటేక్ వాల్వు కిందికి దిగి పైకి రావడం లేదు, దాని పుష్‌రాడ్ వదులుగా ఊగుతోంది.

లారీ_క్లీనర్_1979

పూర్తి చుట్టు తిరిగిందంటే సగం యుద్ధం అయినట్లే. ఇంజన్ దించాలన్న మెకానిక్‌కు ఈ మాట వినిపించండి.

వర్క్‌షాపు_సుజాత

తొందర వద్దు, వాల్వు బిగుసుకుని ఉండగా ఇంకో చుట్టు కూడా తిప్పకండి. నాలుగవ పిస్టన్ కిందికి వెళ్లిన స్థితిలో క్రాంకు ఆపి, ఆ పుష్‌రాడ్ తీసి పక్కన పెట్టండి. గాజు పలక మీద దొర్లిస్తే వంగిందో లేదో తెలుస్తుంది. వాల్వు కాడ చుట్టూ డీజిల్, నూనె కలిపి పోసి, స్ప్రింగు టోపీ మీద చెక్క పెట్టి చిన్న సుత్తితో మెల్లగా కొట్టండి. కొంచెం దిగుతుంది, స్ప్రింగు కొంచెం పైకి తెస్తుంది. అలా చేస్తూ పోతే పూర్తిగా వదులుతుంది. పిస్టన్ పైన ఉన్నప్పుడు ఈ పని చేస్తే వాల్వు పిస్టన్ తలకు తగులుతుంది.

గరగర గురించి. బండి ఆగిన స్థితిలో వాల్వు తెరిచి ఉన్న సిలిండర్‌లోకే బయటి తేమ గాలి నేరుగా వెళ్లి ఉంటుంది, అందుకని అక్కడ పిస్టన్ పైన తుప్పు పట్టీ ఏర్పడుతుంది. ఆరు సిలిండర్లలో 1-6, 2-5, 3-4 జంటలుగా ఒకే ఎత్తులో కదులుతాయి కాబట్టి, మీకు గరగర వచ్చే చోట ఏ జంట మధ్యలో ఉందో చూస్తే అనుమానితులు ఇద్దరే మిగులుతారు. నాజిల్ రంధ్రంలోంచి చిన్న కెమెరా దించి చూడండి, ఇప్పుడు ఫోనుకు తగిలించేవి తక్కువ ధరకే దొరుకుతున్నాయి.

తణుకు_షెడ్డు

వాల్వు వదిలింది, పుష్‌రాడ్ తిన్నగానే ఉంది. కెమెరాలో నాలుగవ సిలిండర్ గోడ మీద గోధుమరంగు పట్టీ కనిపించింది, గోరుకు తగిలేంత గుంటలు ఉన్నాయో లేదో కెమెరాలో తెలియడం లేదు.

లేత్_బాబాయి

రంగు మాత్రమే అయితే రింగులే తుడిచేస్తాయి. గుంటలు ఉంటే బ్యాక్ కంప్రెషన్, అంటే రింగుల పక్కనుంచి కిందికి జారే గాలి, కనిపిస్తుంది, ఇంజన్ లోపలి ఆవిరి బయటికి పోయే బ్రీదర్ గొట్టం దగ్గర పొగ వస్తుంది. మీ అవసరం ఆవరణలో తిప్పుకోవడమే కాబట్టి ఒక సిలిండర్ కొంచెం బలహీనంగా ఉన్నా హెడ్ దించను. నడిపించి చూసి నిర్ణయించండి.

గాజువాక_డీజిల్

నేను ఒప్పుకోను. ఇంత దూరం వచ్చాక హెడ్ దించడం పెద్ద పని కాదు. గ్యాస్‌కెట్ ఎలాగూ పాతదే. ఒకే ఒక్క జాగ్రత్త, షాపులో 697 గ్యాస్‌కెట్ అంటగడతారు. దాని బోరు 97 మిల్లీమీటర్లు, మీ ఇంజన్‌కు సరిపోదు. పాతదాన్ని చేత్తో పట్టుకునే వెళ్లండి.

లేత్_బాబాయి

హెడ్ దించడం పెద్ద పని కాదు, నిజమే. తుప్పు పట్టిన స్టడ్డు ఒకటి బ్లాకులో విరిగితే అప్పుడు అవుతుంది పెద్ద పని. ఆ స్టడ్లు తీసి బతికేవాడిని నేనే, అయినా వద్దంటున్నాను.

పంపు_పరీక్ష

మీరంతా పిస్టన్ల చుట్టూ తిరుగుతున్నారు, నాజిళ్లకు డీజిల్ పంపే పంపు గురించి ఒక్కరూ మాట్లాడటం లేదు. పంపును చూడకుండా ఈ ఇంజన్‌ను స్టార్ట్ చేస్తే, అది స్టార్ట్ కాకపోవడం కంటే పెద్ద ప్రమాదం స్టార్ట్ అయి ఆగకపోవడం.

కారణం చెబుతాను. ఈ బండ్లకు ఉండేది వరుస పంపు, డీజిల్‌ను నెట్టే ఆరు ప్లంజర్లను (చిన్న పిస్టన్లను) ర్యాక్ అనే ఒకే పళ్ల కడ్డీ తిప్పి ఎంత డీజిల్ వెళ్లాలో నిర్ణయిస్తుంది. స్టాప్ వైరు లాగితే ర్యాక్ డీజిల్ ఆపే వైపు వెళుతుంది, ఇంజన్ ఆగాక డ్రైవరు వైరు వదలగానే స్ప్రింగు దాన్ని తిరిగి నిండు డీజిల్ వైపు నెడుతుంది. ఇంజన్ వేగాన్ని అదుపు చేసే గవర్నర్ బరువులు తిరగనప్పుడు ర్యాక్ ఉండే సహజ స్థానం అదే, చల్లని ఇంజన్ స్టార్ట్ కావడానికి అలా పెట్టారు. అంటే మీ బండి పదేళ్లకు పైగా నిండు డీజిల్ స్థానంలోనే నిలబడి ఉంది. ఈ కాలంలో డీజిల్ జిగురుగా మారి ఒక్క ప్లంజర్ బిగుసుకున్నా ర్యాక్ మొత్తం అక్కడే ఆగిపోతుంది. స్టార్ట్ అయిన వెంటనే ఇంజన్ రేస్ పట్టుకుంటుంది, అంటే అదుపు లేకుండా వేగం పెరుగుతూ పోతుంది, గవర్నర్ లాగినా ర్యాక్ రాదు, స్టాప్ వైరు లాగినా రాదు.

పాత పంపుల్లో కొన్నింటికి గాలి పీడనంతో పనిచేసే గవర్నర్ ఉంటుంది. ఇంటేక్ గొట్టంలో సన్నని మెడ, అక్కడి నుంచి పంపు వెనక డబ్బాకు ఒక చిన్న పైపు కనిపిస్తే అదే. దాని లోపల తోలు డయాఫ్రం ఎండి పగులుతుంది. పగిలితే వాక్యూమ్ నిలవదు, స్ప్రింగు ర్యాక్‌ను మళ్లీ నిండు డీజిల్‌కే నెడుతుంది. మీది ఏ రకమో చూసి చెప్పండి. పంపు పక్కన ఉన్న రేకు మూతను విప్పితే ప్లంజర్ స్ప్రింగులు కనిపిస్తాయి. ఒకరు స్టాప్ లీవర్ కదిలిస్తుంటే ఇంకొకరు లోపల ప్లంజర్లను తిప్పే పళ్ల గొట్టాలు ఆరూ తిరుగుతున్నాయో లేదో చూడండి.

కొలత_గీత

ఈ చర్చలో ఇదే అన్నిటికంటే విలువైన మాట.

తణుకు_షెడ్డు

నాది మెకానికల్ గవర్నర్, పైపు ఏమీ లేదు. మూత విప్పాను. స్టాప్ లీవర్ అసలు కదలడం లేదు. క్యాముతో పాటు ఐదు ప్లంజర్లు పైకీ కిందికీ కదులుతున్నాయి, రెండవది పైనే నిలిచిపోయింది. పంపు_పరీక్ష గారు చెప్పకపోతే వచ్చే ఆదివారం సెల్ఫ్ కొట్టేవాడిని.

పంపు_పరీక్ష

పైన నిలిచిన ప్లంజర్‌ను స్క్రూడ్రైవర్‌తో నొక్కి వదిలించవచ్చు, చాలామంది అలాగే చేస్తారు. నేను వద్దంటాను. ప్లంజర్‌కు, బ్యారెల్‌కు మధ్య ఖాళీ కొన్ని మైక్రాన్లు మాత్రమే, తుప్పు చుక్క ఉన్నచోట బలవంతంగా జార్చితే గీత పడుతుంది. పంపు విప్పి పంపు షాపులో ఇవ్వండి.

విప్పే ముందు మొదటి సిలిండర్ కంప్రెషన్ స్ట్రోకులో ఇంజెక్షన్ గుర్తు ఎదురుగా వచ్చేలా క్రాంకు తిప్పి ఆపండి. పంపు ఫ్లాంజ్‌కు, ఇంజన్‌కు కలిపి ఉలితో ఒక గీత పెట్టండి, కప్లింగ్ మీద ఇంకో గీత పెట్టండి, ఫోటోలు తీయండి. పంపు మీద మైకో (పంపు తయారు చేసిన కంపెనీ) రేకు ఉంటే దాని అక్షరాలు రాసుకోండి. ఉదాహరణకు పీఈఎస్ 6ఏ అని ఉంటే 6 సిలిండర్ల సంఖ్య, ఏ పంపు పరిమాణం, తరువాత వచ్చే 80 లాంటి అంకె ప్లంజర్ వ్యాసం, అంటే 8 మిల్లీమీటర్లు. ఆ రేకు ప్రకారమే షాపువారు కాలిబ్రేషన్ పట్టిక చూస్తారు. మైకో పేరు 2008లో బాష్‌గా మారింది కానీ పాత నంబర్లకు పట్టికలు మంచి షాపుల్లో ఇప్పటికీ ఉంటాయి.

నాజిళ్లు కూడా వాళ్లకే ఇవ్వండి. ఈ తరం డైరెక్ట్ ఇంజెక్షన్ నాజిళ్లు సాధారణంగా 200 బార్ చుట్టుపక్కల తెరుచుకుంటాయి. పరీక్ష బల్ల మీద ఆ తుంపర ముందు చేయి పెట్టకూడదు, చర్మంలోకి దూసుకుపోతుంది.

నిజామాబాద్_హార్వెస్టర్

ఇప్పటి డీజిల్ ఈ పాత పంపులకు పడదని మా దగ్గర అందరూ అంటారు. గంధకం తీసేశారు కదా, ప్లంజర్లు అరిగిపోతాయట. అందుకే లీటరుకు కొంచెం టూటీ ఆయిల్ (టూ స్ట్రోక్ బండ్లలో పెట్రోలుతో కలిపే నూనె) కలుపుతాం.

పంపు_పరీక్ష

సగం నిజం. 2017 ఏప్రిల్‌లో దేశమంతటా వచ్చిన బీఎస్ 4 డీజిల్‌లో గంధకం 50 పీపీఎంకు, 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్ 6లో 10 పీపీఎంకు తగ్గింది. జారుడు గుణాన్ని ఇచ్చేది గంధకం ఒక్కటే కాదు. దాన్ని తీసే శుద్ధిలో జారుడునిచ్చే ఇతర పదార్థాలు కూడా పోతాయి. ఆ లోటు పూడ్చడానికే శుద్ధి కర్మాగారాల్లో వేరే పదార్థం కలుపుతారు. డీజిల్‌కు ఉన్న ఐఎస్ 1460 ప్రమాణం ప్రకారం జారుడు పరీక్షలో అరుగుదల గుర్తు 460 మైక్రాన్లు మించకూడదు. బంకులో కొన్న డీజిల్‌తో ప్లంజర్లు అరిగిపోవు.

పాత రబ్బరు సీళ్ల సంగతి వేరు. పాత డీజిల్‌లో ఉబ్బి ఉన్న సీళ్లు కొత్త డీజిల్‌లో కుంచించుకుపోయి కారడం నేను చూశాను. పంపు ఎలాగూ విప్పుతున్నారు కాబట్టి సీళ్లన్నీ మార్పించండి, అక్కడితో ఆ గొడవ తీరుతుంది.

గాజువాక_డీజిల్

పంపు వచ్చేలోగా ట్యాంకు పని చేసుకోండి. నిజానికి మొదటి స్టార్టుకు ట్యాంకు వాడకపోవడమే మేలు. ఐదు లీటర్ల డబ్బాలో కొత్త డీజిల్ పోసి, కొత్త పైపుతో ఫీడ్ పంపుకు ఇచ్చి, రిటర్న్ పైపును కూడా అదే డబ్బాలోకి పెట్టండి. ట్యాంకు అడుగున నీరు, దానిపై పెరిగిన నల్లటి జిగురు తప్పకుండా ఉంటాయి, అవి ఒక్కసారి వెళ్లినా ఇప్పుడు పెట్టే ఖర్చంతా వృథా.

వర్క్‌షాపు_సుజాత

స్టార్టుకు ముందు క్రమం ఇలా పెట్టుకోండి. ఛాంబర్ దించి అడుగున మడ్డి తీసి, జాలీ కడిగి, కొత్త ఫిల్టర్‌ను నూనెతో నింపి బిగించండి. ఇంకో మాట, కిరోసిన్ పోసి ఇంజన్ నడిపి కడగాలని మీ మేస్త్రి అన్నా ఒప్పుకోకండి, ఆ పలచదనానికి బేరింగులు పోతాయి. ఆయిల్ ప్రెషర్ సెన్సర్ తీసి ఆ రంధ్రంలోంచి గ్రీజు గన్ను లాంటి చేతి పంపుతో నూనె ఎక్కించండి, క్రాంకు చేత్తో తిప్పుతూ ఎక్కిస్తే బేరింగులన్నింటికీ చేరుతుంది. తరువాత నాజిళ్లు లేకుండానే, స్టాప్ లీవర్ లాగి కట్టేసి, సెల్ఫ్‌తో కొంచెం కొంచెంగా తిప్పండి. రంధ్రాల మీద పాత గుడ్డలు కప్పి పక్కకు నిలబడండి, లోపలి నూనె పిచికారీలా వస్తుంది. గేజి ముల్లు లేచాకే నాజిళ్లు కొత్త రాగి వాషర్లతో బిగించండి.

నీళ్లు ముందు రోజే నింపండి. రాత్రంతా ఆగి, ఛాంబర్ బోల్టు వదులు చేసి చూస్తే నీరు నూనెలోకి దిగుతోందో లేదో తెలుస్తుంది.

ఆటోనగర్_పాతకాపు

డీజిల్ దారిలో చేరిన ఎయిర్ తీసేటప్పుడు వరుస తప్పకండి. చేతి ప్రైమర్ కొడుతూ మొదట ఫిల్టర్ స్క్రూ, తరువాత పంపు స్క్రూ, చివరికి సెల్ఫ్ తిప్పుతూ నాజిల్ పైపు నట్లు.

స్టార్ట్ చేసే రోజున ఎయిర్ క్లీనర్ గొట్టం తీసి ఉంచండి. ఇంటేక్ నోటి కంటే పెద్ద పలక ఒకటి పట్టుకుని ఒక మనిషి అక్కడే నిలబడాలి. రేస్ పట్టుకుంటే ఆ పలకతో నోరు మూసేస్తే గాలి లేక ఆగిపోతుంది. చేయి పెట్టకూడదు, గుడ్డ పెట్టకూడదు, లోపలికి లాగేస్తుంది. పంపు కొత్తగా వచ్చింది కదా అని ఈ జాగ్రత్త మానేయకండి. స్టార్టింగ్ స్ప్రే జోలికి పోకండి. మన వాతావరణంలో కంప్రెషన్ ఉన్న ఇంజన్‌కు అది అవసరం లేదు, లేని ఇంజన్‌కు అది రింగులు విరగ్గొడుతుంది.

లారీ_క్లీనర్_1979

పెట్రోలు తడిపిన గుడ్డ ఇంటేక్ దగ్గర పెట్టి స్టార్ట్ చేయించిన డ్రైవర్ల దగ్గర నేను పనిచేశాను. వాళ్లలో ఒకరికి కనుబొమ్మలు ఉండేవి కావు.

తణుకు_షెడ్డు

పంపు విజయవాడ నుంచి వచ్చింది. రెండవ ప్లంజర్, బ్యారెల్ మార్చారు, సీళ్లన్నీ కొత్తవి, ఆరు నాజిళ్లలో రెండింటికి కొత్త మొనలు వేశారు. గీతల ప్రకారం బిగించి, సుజాత గారి వరుసలోనే అన్నీ చేశాను.

నిన్న స్టార్ట్ అయింది. తమ్ముడు పలక పట్టుకుని నిలబడ్డాడు, దాని అవసరం రాలేదు. మొదట నాలుగైదు సిలిండర్ల మీదే నడిచినట్లు ఊగింది, తెల్లని పొగ షెడ్డంతా నిండింది, ఆ తరువాత ఒక్కొక్కటే అందుకుంది. ఆయిల్ ప్రెషర్ వెంటనే వచ్చింది. స్టాప్ వైరు లాగితే చక్కగా ఆగింది. బ్రీదర్ దగ్గర కొంచెం ఆవిరి ఉంది, వేడెక్కాక తగ్గింది.

రెండు సమస్యలు మిగిలాయి. బ్లాకు వెనక వైపు ఒక కోర్ ప్లగ్ (బ్లాకులోని నీటి రంధ్రాన్ని మూసే బిళ్ల) నుంచి నీరు చెమ్మగా కారుతోంది. క్లచ్ పూర్తిగా తొక్కినా గేరు పడటం లేదు, పళ్లు అరుస్తున్నాయి.

లేత్_బాబాయి

కారేది ఒక్కటే అయినా కోర్ ప్లగ్‌లు అందినవన్నీ మార్చండి, ఒకటి తుప్పుతో పోయిందంటే మిగతావీ అదే వయసువి. ఇనుపవి కాకుండా ఇత్తడివి వేయించండి. దొరక్కపోతే కొలత పంపండి, తీసి ఇస్తాను. ఈసారి ఉత్త నీళ్లు కాకుండా కూలెంట్ కలిపి పోయండి.

వర్క్‌షాపు_సుజాత

ఇప్పుడు పోసిన నూనెను చివరిదనుకోకండి. కొన్ని గంటలు నడిచాక వేడిగా ఉన్నప్పుడే దింపి, ఫిల్టర్‌తో సహా మార్చండి. పాత మడ్డినంతా కొత్త 15డబ్ల్యూ-40 నూనె వదిలించి తెస్తుంది. గంటల తరబడి ఊరికే ఐడిల్‌లో ఉంచకండి, వేడెక్కాక కొంచెం లోడు మీద పనిచేస్తేనే నాలుగవ సిలిండర్ రింగులు సర్దుకుంటాయి.

గాజువాక_డీజిల్

హెడ్ దించమన్నాను కానీ, ఆవిరి తగ్గిందంటున్నారు కాబట్టి బాబాయి గారికే ఓటు వేస్తున్నాను. నూనె వాడకం మాత్రం రాసుకుంటూ ఉండండి.

లారీ_క్లీనర్_1979

క్లచ్ ప్లేటు ఫ్లైవీల్‌కు తుప్పుతో అంటుకుంది, పెడల్ తొక్కితే ప్రెషర్ ప్లేటు విడుతుంది కానీ డిస్కు విడదు. పెడల్ పూర్తిగా నొక్కి, సీటుకు పెడల్‌కు మధ్య చెక్క దుంగ అడ్డం పెట్టి రాత్రంతా వదిలేయండి. పొద్దున్నే ఇంజన్ ఆపి ఉండగా టాప్ గేరు వేసి, చెక్క అలాగే ఉంచి, చక్రాలకు గట్టి అడ్డు పెట్టి, క్రాంకు నట్టును పానతో ముందుకూ వెనక్కూ తిప్పండి. టక్కున విడిన శబ్దం వస్తుంది.

తణుకు_షెడ్డు

రేపు ప్లగ్‌లకు ఇంజన్ వెనక భాగం ఎలాగూ విప్పుతాను. చెక్క దుంగ ఈ రాత్రికే పెడుతున్నాను. బాబాయి గారు, కోర్ ప్లగ్ రంధ్రాల కొలతలు తీసి రేపు సాయంత్రం ఇక్కడే రాస్తాను.